సుమన బొంతకు ఎనభై నాలుగు ముక్కలు

చండూరు, నల్లగొండ జిల్లా
12 ఫిబ్రవరి 2023

చిరంజీవి సుమనకు,

మీ బావ రామచంద్రం రాస్తున్న. నేను బాగనే ఉన్న. ఎవరడిగినా ఇదే మాట చెప్తున్న, నీకు గూడ అదే చెప్తున్న.

మీ అక్క అండాలు పోయి రెండు నెలలు దాటింది. మొన్న చలికి ఇంకో దుప్పటి ఉంటదేమోనని ఆమె సందుగ తీసిన. అడుగున ఒక మూట దొరికింది. విప్పితె అన్ని పాత చీరల ముక్కలు. జానెడు జానెడు సమంగ కత్తిరిచ్చి పెట్టింది. లెక్కపెడితె ఎనభై నాలుగు. మీద చీటి ఉంది, 'సుమన బొంతకు' అని. అచ్చంపేట చలికి ఒక బొంత కుట్టియ్యమని నువ్వు ఎన్నడో అడిగినవట గద. కత్తిరిచ్చుడు అయింది, కుట్టేదానికి ఆమెకు టైం దొరకలేదు.

నాకు సూది పట్టొస్తది. నలభై ఏండ్లు మగ్గం మీద కూసున్నోనికి కుట్టుడు ఏం పెద్ద పని గాదు. ఏ ముక్క పక్కన ఏ ముక్క పెట్టాలెనో అదే తెలుస్తలేదు. ఆమె వరుస రాసి పెట్టలేదు. మొత్తం తొమ్మిది చీరలయి. ఒక్కో చీరది వేలెడు పీలిక కత్తిరిచ్చి, నంబరు వేసి, రంగు పేరు చీటి గుచ్చి ఈ కవర్ల పెట్టిన. ఫోన్ల మాట్లాడుకుంటె రంగు సంగతి తేలదు. నువ్వు చూసి ఏది ఏ పక్కన ఉంటె మంచిగుంటదో జర రాసి పంపు.

తొందరేం లేదు. ఇంట్ల నేనొక్కన్నే ఉన్న. పొద్దు ఎంత గడిపినా గడుస్తలేదు.

మీ బావ,
రామచంద్రం


అచ్చంపేట
3 మార్చి 2023

శ్రీ రామచంద్రం గారికి,

మీ కవరు అంది పది రోజులైంది. విప్పకుండా బల్ల మీదే ఉంచాను. మన మధ్య ఉత్తరాలు ఎప్పుడూ లేవు. మాటలైనా అక్క ముఖం చూసి మాట్లాడుకున్నవే.

విప్పాక కోపం వచ్చింది. తొమ్మిది పీలికల్లో నాలుగింటికి మీరు రాసిన చీటీలు తప్పు. మూడో నంబరుకు ఎరుపు అని రాశారు, అది ముదురు ఆకుపచ్చ. అయిదోది ఇటుక రంగు అన్నారు, అదీ ఆకుపచ్చే. ఏడోది బూడిద రంగట. అది గులాబీ, అక్క మా నాన్న చేత కొనిపించుకున్న చీర. ఎనిమిదోది కాఫీ రంగు కాదు, పండు మిరపకాయ ఎరుపు. పసుపు, నీలం లాంటి మిగతావి మాత్రం సరిగ్గా రాశారు.

జిల్లాలో ఎవరికి చీరలో రంగు కలపడం గురించి సందేహం వచ్చినా మీ ఇంటికే వస్తారని అక్క చెప్పేది. అలాంటి మనిషి, ముప్పై రెండేళ్లు బడిలో లెక్కలు చెప్పిన నన్ను రంగులు అడగడం ఏమిటి? చీటీలు తారుమారు చేసి నన్ను పరీక్షిస్తున్నారా, వెక్కిరిస్తున్నారా? మీ చేనేత సంఘంలో ఎవరిని అడిగినా చెప్తారు కదా.

రంగుల గురించి అడగవలసిన మనిషి మీ ఇంట్లోనే ఉండేది. డ్రాయింగు లోయర్ పరీక్షలో పాసైంది. 1986లో హైదరాబాదులో ఆరు నెలల ట్రైనింగుకు సీటు వస్తే, "ఇల్లెవరు చూస్తరు" అని మీరు ఒక్క మాటతో ఆపేశారు. వెళ్లి ఉంటే నాలాగే టీచరై, తన పేరున పింఛను తీసుకుని ఉండేది. నేను అది మరిచిపోలేదు.

నాకు బొంత అవసరం లేదు. ముక్కలు ఎవరికైనా ఇచ్చేయండి.

సుమన


చండూరు
15 మార్చి 2023

చిరంజీవి సుమనకు,

నువ్వు తిట్టినదానికి నాకు బాధ లేదు. నిన్ను వెక్కిరిచ్చేటంత తీరిక, ధైర్యం రెండు లెవ్వు. ఇది ఎవరికి చెప్పని సంగతి. నీకు చెప్తున్న, చదివి చింపెయ్యి.

నాకు ఎరుపు, ఆకుపచ్చ తేడ తెల్వదు. పుట్టుకతోనే అంతే. కాఫీ రంగు, ఎరుపు, ఆకుపచ్చ అన్ని ఒక్క తీరే కనపడ్తయ్. గులాబీకి బూడిదకు తేడ లేదు. పసుపు, నీలం మంచిగ తెలుస్తయ్. నాకు పన్నెండేండ్లప్పుడు బాపు ఎర్రనూలు చుట్టిన కండె అందియ్యమంటె ఆకుపచ్చది ఇచ్చిన. చెంప మీద కొట్టిండు. నిద్ర మొకపోనివి అన్నడు. అప్పటిసంది దాచుకుంట వచ్చిన. పద్మశాలోని కొడుక్కు రంగులు తెల్వవంటె ఇంకేం బతుకుంటది చెప్పు.

పెండ్లయిన నెలకు మీ అక్క కొత్త చీర కట్టుకొని నా ముందల నిలబడ్డది. ఎర్రచీర మంచిగుంది అన్న. అది ఆకుపచ్చ చీరనట. తెల్లారి పొద్దుగాల మగ్గం కాడ కూసుంటె ప్రతి కండె కొసకు ముడులు కట్టి ఉన్నయ్. ఎరుపుకు ఒక్క ముడి, ఆకుపచ్చకు రెండు, గులాబీకి మూడు. అద్దకం కాడ గూడ ఆమెనే నిలబడేది, ఏ కాగుల ఏం ముంచాలెనో సైగ చేసేది. నన్ను ఒక్క మాట అడగలేదు. నలభై ఏండ్లు ఒక్కనికి చెప్పలేదు. నీక్కూడ చెప్పలేదని ఇప్పుడే తెలిసింది.

ఈ బొంత ముక్కలకు ముడులు లెవ్వు. నాకోసం కాదు గద, తనే కుట్టుదామనుకుంది. అందుకే నిన్ను అడిగిన. సంఘంల ఎవరినన్న అడిగితె దొరికిపోత.

ఆమె పోయినంక మగ్గం ఎక్కలేదు. మోకాళ్లు నొస్తున్నయని అందరికి చెప్తున్న.

రామచంద్రం


అచ్చంపేట
9 ఏప్రిల్ 2023

బావగారికి,

మీ ఉత్తరం చింపలేదు. బీరువాలో పెట్టి తాళం వేశాను. మీరు మాట్లాడినట్టే రాస్తారు, చదువుతుంటే గదిలో ఎవరో కూర్చుని చెప్తున్నట్టుంది. ఈ గదిలో మనిషి గొంతు వినపడక చాలా రోజులైంది. రిటైరయ్యాక మొదటి ఏడాది పిల్లలు వచ్చేవాళ్లు, ఇప్పుడు బజార్లో నమస్తే పెట్టి వెళ్లిపోతారు. తిన్నావా అని అడిగే మనిషి లేకపోతే, తినడం ఎంత చిన్న పనో తెలుస్తుంది. ఇది మీకు ఎందుకు రాస్తున్నానో తెలియదు. మీకు అర్థమవుతుందనుకుంటాను.

అక్క నాకు అన్నీ చెప్తుందని నమ్మాను. ఆదివారం ఆదివారం గంటసేపు ఫోను మాట్లాడుకునేవాళ్లం. పక్కింటి బర్రె ఈనిన సంగతి కూడా చెప్పేది. ఇది ఒక్కటి దాచింది. మీ మీద కోపం కంటే ఇదే ఎక్కువ బాధపెట్టింది.

ఒక్క ప్రశ్నకు జవాబు కావాలి. 1986లో ఆమెను ఆపింది ఇల్లు చూసుకోవడానికేనా? సూటిగా రాయండి.

వరుస కింద రాస్తున్నాను. అడ్డంగా ఏడు, నిలువుగా పన్నెండు పెడితే ఎనభై నాలుగుకు సరిపోతుంది. మూడో నంబరు ఆకుపచ్చ పక్కన ఎనిమిదో నంబరు ఎరుపు పెట్టండి. ఆకుపచ్చకు ఎరుపు ఎదురు రంగు, రెండూ ఒకదాన్నొకటి పైకి లేపుతాయి. గులాబీ, పసుపు అంచుల్లో వేయండి. నీలం ఎక్కడైనా సరే. కుడతారో లేదో మీ ఇష్టం, అడిగారు కాబట్టి రాశాను.

సుమన


చండూరు
26 ఏప్రిల్ 2023

చిరంజీవి సుమనకు,

ఇల్లు చూసుడు గాదు. ఇల్లు ఆర్నెల్లు ఎట్లనో గట్ల నడుస్తుండె, మా అమ్మ ఉండె. మీ అక్క పోతె ముడులు కట్టేటోళ్లు లేరు. వారం రోజులల్ల నా సంగతి ఊరందరికి తెలుస్తుండె. ఆ భయంతోని ఆపిన. ఆమెకు గూడ అది ఎరుకే. సీటు కాయితం నా ముందలనే మడిచి సందుగల పెట్టింది. తిట్టలేదు, ఏడ్వలేదు. ఆ పొద్దు గూడ కండెలకు ముడులు కట్టింది. నేను చేసింది తప్పు. ఇన్నేండ్లు నాకు నేను గూడ ఈ మాట అనుకోలె.

ఇంక నీ వరుస సంగతి. కోపం తెచ్చుకోకు, అది కుదరదు. ముక్కలు దండెం మీద వేసి పది అడుగుల దూరం నుంచి చూసిన. 3, 8 రెండు ఒకే బరువు. నాకు రంగు తెల్వకపోవచ్చు గని ముదురు, లేత మీ అందరికంటె బాగ తెలుస్తది. దగ్గర నుంచి చూస్తె నీకు ఆకుపచ్చ, ఎరుపు కొట్టొచ్చినట్టు కనపడ్తయేమో, దూరం నుంచి రెండు కలిసిపోయి మురికి లెక్క అయితయ్. చీర మీద పువ్వు లేవాలంటె ముదురు పక్కన లేత పడాలె, రంగు ఏదన్న గాని. నమ్మకుంటె కండ్లు సగం మూసి చూడు. రంగు పోతది, బరువు మిగులుతది. మీ అక్క రంగు చెప్పేది, నేను బరువు చెప్పేది. ఆమె ఒప్పుకోకుంటె కొట్లాడుకునేటోళ్లం. ఆ కొట్లాట ఇప్పుడు ఇంట్ల లేదు.

ఇంకో ముచ్చట. ఆగస్టు ఏడున చేనేత దినం గద, ఆ పొద్దు నాకు సన్మానం చేస్తమని సంఘం సెక్రటరీ భిక్షపతి వచ్చి చెప్పిండు. రంగుల పనితనానికట. ఆ తర్వాత పన్నెండు మంది పిల్లలకు నెల రోజులు రంగులు నేర్పాలెనట. వద్దంటె కారణం అడుగుతడు. ఏం చెయ్యాలెనో తోస్తలేదు.

రామచంద్రం


అచ్చంపేట
21 మే 2023

బావగారికి,

పీలికలు కిటికీ అంచున పరిచి కళ్లు సగం మూసి చూస్తుంటే కింది వాటాలో ఉండే ఇంటామె సుక్కమ్మ వచ్చింది. "టీచరమ్మా, కండ్లు మూసుకొని ఏం సదువుతున్నవ్?" అంది. ఆమెను కూడా మూయమన్నాను. ఇద్దరం అలా గుడ్డివాళ్లలాగా కాసేపు నిలబడ్డాం. మీరు చెప్పింది నిజం. మూడు, ఎనిమిది ఒకటే మచ్చ అయిపోయాయి. నా వరుస కొట్టేయండి.

కొత్త వరుస ఇది. ఎనిమిది పక్కన ఏడు. గులాబీ లేతది కాబట్టి ఎరుపు లేస్తుంది, పైగా రెండూ ఒకే ఇంటి రంగులు. మూడు పక్కన ఒకటి, అంటే ఆకుపచ్చకు పసుపు. నీలం చుట్టూ ఆరో నంబరు గంధం రంగు. తొమ్మిదో నంబరు ముక్కలు రెండు పక్కపక్కన పడనీయకండి, ఆ నలుపు మిగతావాటిని మింగుతుంది. బరువు మీరు చూసుకోండి. ఏదైనా ఒప్పుకోకపోతే రాయండి, కొట్లాడదాం.

క్షమించమని మీరు అడగలేదు, మంచిదే. అది అక్క చేతిలో ఉన్న పని, నా చేతిలో లేదు.

సన్మానం సంగతి మాత్రం చెప్తాను. నాకు ఈ బొంత కావాలి. ముందు వద్దన్నది కోపంతో. కానీ ఒక షరతు. ఆ రోజు అందరి ముందు ఈ రంగులు అండాలువి అని చెప్పండి. మీకు ఎరుపు, ఆకుపచ్చ తెలియదని కూడా చెప్పండి. చెప్పకపోతే బొంత పంపకండి, తీసుకోను. మీ పేరు మీద ఉన్న పని నలభై ఏళ్లది. అందులో ఆమె పేరు ఒక్కసారైనా పలకాలి. ఆ పిల్లలకు రంగులు నేర్పకండి. కళ్లు సగం మూయడం నేర్పండి, అది మీ సొంతం.

సుమన


చండూరు
10 ఆగస్టు 2023

సుమనా,

చెప్పిన. ఎట్ల జరిగిందో జరిగినట్టే రాస్తున్న.

మొదలు నీ షరతు చదివి రెండున్నర నెలలు నీకు జవాబు రాయలేకపోయిన. బొంత ఆగలేదు. రోజుకు రెండు ముక్కలు కుట్టేటోన్ని ఒక్కటే కుట్టిన. అది అయిపోతె నీకు రాయనీకె ఏముంటదని భయమైంది.

ఏడో తారీకు సంఘం జాగల టెంటు వేసిన్రు. రెండు వందల మంది దాక వచ్చిన్రు. శాలువ కప్పినంక మైకు ఇచ్చిన్రు. ఈ రంగులు నావి గావు, అండాలు చెప్తె నేను నేసిన, ఆమె కండెలకు ముడులు కడితె ఆ ముడులు పట్టుకొని నేసిన, నాకు ఎరుపు, ఆకుపచ్చ తేడ తెల్వదు అని చెప్పిన. భిక్షపతి మైకు తీసుకున్నడు. "సూసిన్రా, భార్య పోయిన బాధల తన పేరు గూడ ఆమెకే ఇస్తున్నడు. ఇసొంటి మొగోడు మన చండూర్ల ఉండుడు మన అదృష్టం" అన్నడు. అందరు చప్పట్లు కొట్టిన్రు.

గట్ల గాదని నేను బల్ల మీద ప్రదర్శనకు పెట్టిన కండెలు తీసిన. ఒక్కోటి పైకెత్తి చూపిచ్చి రంగు చెప్పుకుంట పోయిన. ఎర్రదాన్ని ఆకుపచ్చ అన్ననో, ఆకుపచ్చదాన్ని ఎరుపు అన్ననో, మొత్తానికి తప్పే చెప్పి ఉంట. ముందల కూసున్న ఆడోళ్లు కొంగులు మొకాలకు అడ్డం పెట్టుకున్నరు. "కండ్లల్ల నీళ్లాయె, ఎట్ల కనపడ్తది పాపం" అని ఒకామె అన్నది. ఇద్దరు పిల్లలు వచ్చి రెండు దిక్కుల పట్టుకొని కూసోబెట్టిన్రు. నా కండ్లల్ల నీళ్లు లెవ్వు సుమనా. నేను నిజం చెప్తున్న, ఒక్కరు నమ్మలె. దాచినన్ని రోజులు ఎవరికన్న తెలుస్తదని భయపడ్డ. ఇప్పుడు తెల్వాలన్నా తెలుస్తలేదు. నీ షరతు తీరిందో లేదో నువ్వే చెప్పాలె.

శాలువది ఒక పీలిక కత్తిరిచ్చి పెట్టిన. అది ఏ రంగో నాకు తెల్వదు. ఎవరినన్న అడుగుదామంటె, బాధల ఉన్నడని మల్ల అనుకుంటరు.

ఇంకొకటి అడగాలె. ఇది డిసెంబర్ల నుంచి అడుగుదామని ఉంది. మీ అక్క పోయిననాడు తల్లిగారి చీర నువ్వే తెచ్చినవ్. ఆ చీర ఆమెకు కట్టి, బొట్టు పెట్టి బయట పండబెట్టిన్రు. నేను కాళ్ల కాడ కూసున్న. ఆ చీర ఏ రంగు? నా కంటికి పసుపు అనిపిచ్చింది. పసుపు నాకు తెలుస్తదనే అనుకుంట, కని ఆ పొద్దు నా కన్నును నేను నమ్మలేకపోయిన. ఎవరిని అడగను? ఎదురుంగ కూసోని పెండ్లాం చీర రంగు అడిగే మొగోడు ఎక్కడన్న ఉంటడా? ఆమెను చూసుడు అదే ఆఖరు. ఎట్ల ఉన్నదో తెల్వకుంట కాలబెట్టిన అనిపిస్తుంది.

రామచంద్రం


అచ్చంపేట
14 ఆగస్టు 2023

బావా,

ఉత్తరం మధ్యాహ్నం అందింది. సాయంత్రం టపాకే అందాలని ఇప్పుడే రాస్తున్నాను.

షరతు తీరింది. మీరు చెప్పారు. వినకపోవడం వాళ్ల పని. నలభై ఏళ్లు మీరిద్దరూ అంత బాగా దాచారు, ఒక్క పూటలో బయటపడుతుందా? పిల్లల క్లాసులో మళ్లీ చెప్పండి. అక్కడ ఏడ్చేవాళ్లు ఉండరు, ఆ వయసు వాళ్లు మీ చేతిలో కండెలు లాక్కుని పరీక్ష పెడతారు. 1986 సంగతి నేను ఇంకా మరిచిపోలేదు, మరిచిపోతానని మాట ఇవ్వను. బొంత మాత్రం తీసుకుంటాను.

శాలువా ముదురు ఆకుపచ్చ. బొంతకు అడుగు బట్ట ఇంకా వేసి ఉండరు. శాలువా విప్పి, చాలకపోతే పాత పంచె జత చేసి, దాన్ని అడుగున వేయండి. పైన అక్క చీరలు ఉంటాయి.

అక్క పోయిన రోజు తెల్లవారుజాము బస్సుకు బయలుదేరి దేవరకొండలో దిగాను. బస్టాండు ఎదురుగా ఒక్క బట్టల దుకాణమే తెరిచి ఉంది. ముత్తయిదువగా పోయింది కదా, ఎరుపు చూపించమన్నాను. అతను నాలుగు ఎర్రచీరలు తీశాడు, అన్నీ నాసిరకం, చేత్తో పట్టుకుంటే జారిపోయేవి. నేతగాళ్లింటి మనిషికి అలాంటిది కట్టడానికి మనసొప్పలేదు. పై అరలో ఒకటే నేత చీర ఉంది. అది తీసుకున్నాను. నీలం అంచు ఉంది. కొంగు మీద గీతలు కూడా నీలమే. మీ చెల్లెళ్లు ఇద్దరు, ఎరుపు తేకుండా ఇదేమిటని గొణిగారు. నేను వినలేదు, నేనే కట్టాను.

మీ కన్ను తప్పు చూడలేదు. పసుపే బావా.

సుమన